బొచ్చె చెరువులో పెరుగుతుంది, గుడ్డు మాత్రం పెట్టదు

కంభం: నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డుగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు ఇటు మార్కాపురం, అటు గిద్దలూరు వైపు తెలియనివారుండరు. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీనిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. నిండితే సుమారు 7 కిలోమీటర్ల పొడవున నీరు నిలుస్తుంది. ఆయకట్టు రైతుకు ఎంత ఆధారమో, వల వేసేవారికీ అంతే. కరువొచ్చి చెరువు ఎండితే మాత్రం చేపల వంశమే తెగిపోతుంది. మళ్లీ నీరు చేరగానే చేపలు వాటంతట అవే పుట్టుకొస్తాయన్న మాట అన్ని చేపలకూ చెల్లదు.

బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో ఎంత బలంగా పెరిగినా గుడ్డు విడవవు. వాటికి ఏటి వరద కావాలి. అందుకే పూర్వం నదుల్లో పిల్లలను పట్టి తెచ్చేవారు. అందులో పనికిరాని రకాలూ కలిసి వచ్చేవి.

1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఈ చిక్కు విడదీశారు. చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, నిలవ నీటిలోనే ఈ జాతి చేపలచేత గుడ్డు పెట్టించారు. ఆ రోజునే దేశంలో మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఆడచేపకు మొదట తక్కువ మోతాదు, 6 గంటలు పోయాక ఎక్కువ మోతాదు ఇస్తారు. మగచేపకు రెండోసారి మాత్రమే. గుడ్డు పడిన 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికొస్తుంది. ఇప్పుడు ఒక్క సూదితో సరిపోయే తయారు మందులూ ఉన్నాయి.

ఇక్కడి ఇబ్బంది వేరు. పిల్లల ఉత్పత్తి ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు వరకు సాగుతుంది. ఈ మెట్ట ప్రాంతపు చెరువులకు గట్టిగా నీరు చేరేది చాలా ఏళ్లలో ఆ తరువాతే. అంటే పిల్ల దొరికేనాటికి నీరుండదు. చౌకగా వస్తుందని రెప్పవెంట్రుకంత పిల్లను తెచ్చి పెద్ద చెరువులో పోస్తే అది కొరమీనుకు మేత అవుతుంది. బోరు నీరున్న చిన్న కుంటలో వేలెడంత పెంచి, చెరువు నిండాక వదలడమే దారి. ఖర్చు ఎక్కువే, కాని పెట్టిన డబ్బు నీళ్లపాలు కాదు.

కొరమీను సంగతి ఇంకొకటి. దానికి సూదితో పనిలేదు. నాచు, తుంగ మధ్య గూడు చేసి గుడ్డు పెడుతుంది, పిల్లలకు కాపలా కాస్తుంది. నీటిపైన ఎర్రపిల్లల గుంపు కదిలితే కింద పెద్దచేప ఉన్నట్టే. ఆ గుర్తు పట్టి గాలం వేసేవారు ఒక్క చేప కోసం వందల పిల్లలను దిక్కులేనివి చేస్తున్నారు. కేంద్రాలలోనూ దీనికి సూదిమందుతో గుడ్డు పెట్టించవచ్చు. అయితే పిల్లలు ఒకదాన్నొకటి తినేస్తాయి కనుక సైజువారీగా తరచు వేరు చేయాలి.

కేంద్రాలు పాటించవలసిన కట్టుబాట్లూ ఉన్నాయి. ఒకే తల్లుల సంతతినే ఏళ్ల తరబడి తల్లులుగా వాడితే జాతి బలహీనపడుతుంది. బొచ్చె, శీలావతి కలిసిన సంకరాన్ని ఏటిలోకి వదలరాదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమైతే దేశంలో 2000 నుంచే నిషిద్ధం. మన నాటు మార్పుకు అది శత్రువు.

వేసవిలో చెరువు నడుమ మిగిలే మడుగును తోడి ఊడ్చకుండా వదిలితే కొరమీనుకు విత్తనం దక్కుతుంది. బొచ్చెకు మాత్రం వచ్చే ఏడూ పిల్ల కొనక తప్పదు.