గుండెలో షాక్ మెషీన్: అమెరికాలో అవసరం లేనివారికి పెట్టారు, కావాల్సినవారికి పెట్టలేదు

గుండె లయ ఒక్కసారిగా ప్రమాదకరంగా తప్పితే మనిషి నిమిషాల్లో చనిపోవచ్చు. అలాంటప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి గుండెను మళ్లీ దారిలో పెట్టే చిన్న మెషీన్ ఐసీడీ. దీన్ని ఛాతీ పైభాగంలో చర్మం కింద అమరుస్తారు. 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తొలిసారి ఒక మనిషికి అమర్చారు.

అవసరం లేకున్నా..

2006 జనవరి నుంచి 2009 జూన్ దాకా అమెరికాలో ముందుజాగ్రత్తగా ఐసీడీ పెట్టించుకున్న 1,11,707 మంది రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. అందులో 22.5 శాతం కేసులు వైద్య మార్గదర్శకాలకు సరిపోలేదు. చాలామందికి గుండెపోటు వచ్చిన 40 రోజుల్లోపే, లేదంటే హార్ట్ ఫెయిల్యూర్ కొత్తగా బయటపడిన మూడు నెలల్లోపే పెట్టేశారు.

అన్ని రోజులు ఎందుకు ఆగాలి? మందులతో గుండె కోలుకోవచ్చు. అప్పుడు మెషీన్ అవసరమే ఉండకపోవచ్చు. పైగా ఇదీ ఆపరేషనే. మార్గదర్శకాల ప్రకారం పెట్టినవారిలో ఆసుపత్రిలోనే చనిపోయినవారు 0.18 శాతం ఉంటే, మిగతావారిలో 0.57 శాతం ఉన్నారు.

వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌కు ఇలాంటి బిల్లులు పెట్టారన్న కేసుల్లో 2015లో 457 ఆసుపత్రులు 25 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకున్నాయి.

కావాల్సినవారికేమో..

2007లో వచ్చిన మరో పరిశోధన ఇంకో కోణం చూపింది. ఐసీడీకి అర్హులైన హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో తెల్లజాతి పురుషులకు 43.6 శాతం మందికి అది దక్కింది. నల్లజాతి పురుషుల్లో 33.4 శాతం, తెల్లజాతి మహిళల్లో 29.8, నల్లజాతి మహిళల్లో 28.2 శాతమే. జబ్బు ఒకటే, మెషీన్ ఒకటే. రోగి ఆడా మగా, తెలుపా నలుపా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోయింది.

ఇంట్లోవాళ్లు అడగాల్సినవి

అబ్బాకో అమ్మీకో ఐసీడీ పెట్టాలని డాక్టర్ చెబితే ఈ ప్రశ్నలు అడగండి:

- ఎకో రిపోర్టులో గుండె పంపింగ్ ఎంత శాతం ఉంది? సాధారణంగా 35 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారికే ముందుజాగ్రత్తగా పెడతారు.
- మందులు సరిపడా డోసులో, తగినన్ని రోజులు వాడి చూశారా?
- గుండెపోటు వచ్చి 40 రోజులు దాటిందా?
- ఇన్ఫెక్షన్ వస్తే, అవసరం లేకుండా షాక్ కొడితే ఏం చేయాలి? బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

ఒక్క విషయం మర్చిపోవద్దు. గుండె ఆగిపోయి బతికి బయటపడినవారికి, ప్రమాదకరంగా లయ తప్పినవారికి ఈ 40 రోజుల లెక్క వేరు. వాళ్ల విషయంలో ఆలస్యం చేయకుండా గుండె లయ నిపుణుడిని కలవాలి. అమ్మీ విషయంలో డాక్టర్ ఐసీడీ మాటే ఎత్తకపోతే, ఆమెకు అవసరమా కాదా అని మీరే అడగండి.