రష్యా పంక్తిలో జార్జియనులు

మాస్కో మహానగరమున జంతుప్రదర్శనశాల ప్రక్కగా సాగి బెలరుస్కీ రైలునిలయము దిక్కునకు పోవు వీథి యొకటి కలదు. దానిని పెద్ద జార్జియను వీథి యనియు, దాని కనతిదూరమున నున్న వేఱొకదానిని చిన్న జార్జియను వీథి యనియు నేటికిని వ్యవహరించుచున్నారు. ఆ వీథులలో నిపుడు ప్రత్యేకముగా జార్జియనులే కాపురముండుట లేదు. రష్యాలో నున్న జార్జియనులు లక్షమందికి పైబడి దేశము నలుమూలల చెదరియున్నారు. ఒకప్పుడు మాత్రము ఆ వీథులున్న చోట ఒక రాజును, ఆయన పరివారమును దిగియుండిరి.

ఆ రాజు జార్జియాలోని కార్ట్లీ రాజ్యాధిపతియైన ఆఱవ వాఖ్తాంగు. తన రాజ్యమునకు ధర్మశాస్త్రమును సమకూర్చి, 1709 లో తిబిలిసీ నగరమున తొలి ముద్రణాలయమును నెలకొల్పి, రుస్తవేలి యను జార్జియను కవి మహాకావ్యమును మొదటిసారిగా అచ్చొత్తించిన విద్వాంసుడాయన. పారశీకులకును తురుష్కులకును నడుమ నలిగిపోవుచున్న దేశమును కాపాడుకొనుటకై రష్యా చక్రవర్తి పీటరుతో చేయి కలిపెను. 1722 లో పీటరు సేనలతో కాస్పియను తీరము వెంబడి దెర్బెంతు వఱకు వచ్చి, అటనుండి వెనుదిరిగి పోగా, గంజా యొద్ద సైన్యముతో నెదురుచూచుచున్న వాఖ్తాంగు రెంటికి చెడ్డ రేవడి యయ్యెను. 1724 లో కుటుంబమును, మతాచార్యులను, సామంతులను, లేఖకులను, సేవకులను, ఇంచుమించు 1,200 మందిని వెంటబెట్టుకొని కాకసస్ పర్వతములను దాటి ఆయన రష్యా చేరెను. చేరిన కొలది మాసములకే పీటరు కన్నుమూసెను. 1737 లో రాజును ఆస్త్రఖాను నగరమున మరణించి అచటనే సమాధిగతుడయ్యెను. పోయిన రాజ్యము తిరిగి రాలేదు గాని, 1743 లో ఆ ప్రవాసులే మాస్కోలో జార్జియను బైబిలును సంపూర్ణముగా అచ్చు వేయించిరి. ఆ భాషలో బైబిలు మొత్తము అచ్చుపడుట అదియే మొదలు.

ఆనాటి ప్రవాసుల బ్రతుకు లెట్టివో యెఱుగగోరువారు దవీద్ గురామిష్విలి యను కవి చరిత్రమును చూడవలెను. యౌవనమున లెజ్గీ దోపిడికాండ్రు ఎత్తుకొనిపోగా బందీయై, తప్పించుకొని, ఆకలిదప్పులతో ఉత్తరమునకు నడచి రష్యను పల్లె యొకటి చేరి, తుదకు మాస్కోలో వాఖ్తాంగు కొలువున చేరెను. రాజు పోయిన పిమ్మట దిక్కులేనివారైన ఆ పరిజనులనుండి రష్యా ప్రభుత్వము అశ్వికదళము నొకదానిని కూర్చి, సేవకు ప్రతిఫలముగా ఉక్రెయిను నేలపై భూముల నొసగెను. కవియు నందు చేరి యుద్ధములు చేసి, ప్రష్యనులకు చిక్కి చెఱ ననుభవించి, మీర్గొరొద్ పట్టణమున స్థిరపడి, తన కావ్యముల నన్నింటిని మాతృభాషయందే వ్రాసికొనెను. చదువువా రెవ్వరు? అచట చుట్టుప్రక్కల ఆ లిపి నెఱిగినవారే అరుదు. 1787 లో స్వదేశపు రాజకుమారు డొకడు దౌత్యకార్యముపై ఆ ప్రాంతమునకు వచ్చెనని విని, వృద్ధుడైన కవి తన వ్రాతప్రతిని అతని చేత బెట్టెను. జార్జియా సాహిత్యమున నేడు శిరోధార్యమగు గ్రంథములలో నొకటి అట్లు దక్కినది.

కవి కథ యట్లుండగా ప్రభువుల కథ వేఱు. 1783 లో గియోర్గియెవ్స్కు సంధిచే తూర్పు జార్జియా రష్యా రక్షణలోనికి వచ్చెను. 1801 లో రష్యా ఆ సంధిని కాలరాచి, దేశమునే తనలో కలుపుకొనెను. రాజవంశమును స్వదేశమునుండి తరలించిరి. 1811 లో జార్జియా క్రైస్తవసంఘపు స్వాతంత్ర్యమును గూడ హరించిరి. అయినను, ఇరువురిదియు నొకే సనాతన క్రైస్తవ మతమగుటచేతను, ప్రాచీన రాజకుటుంబముల బిరుదములను రష్యా గుర్తించుటచేతను, కాకసస్ కొండజాతులలో ననేకులకు దొరకని గౌరవము జార్జియను ప్రభువులకు దొరికెను. రష్యను ప్రభువర్గము వారికి తన పంక్తిలోనే విస్తరి వేసెను. 1812 లో బొరొదినో రణరంగమున గాయపడి అసువులు బాసిన సేనాని బగ్రతియోను ఆ జార్జియా రాజవంశమువాడే; రష్యనులు ఆయనను తమవాడుగనే పూజింతురు. సంగీతకర్త అలెగ్జాండరు బొరొదీను కథ మఱింత చిత్రమైనది. పీటర్స్‌బర్గు నగరమున 1833 లో జన్మించిన ఈయన తండ్రి గెదియానొవ్ అను జార్జియను ప్రభువు. వివాహేతర సంతానమగుటచేత, తన దాసుడగు పొర్ఫీరి బొరొదీను కుమారుడని శిశువును లెక్కలలో వ్రాయించెను. రష్యను జాతీయసంగీతమునకు మూలపురుషులలో నొక్కడు ఇట్లు జార్జియను రక్తముతో, రష్యను దాసుని యింటిపేరుతో లోకమునకు పరిచితుడయ్యెను!

పందొమ్మిదవ శతాబ్దపు మధ్యమున పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చదువులకై వచ్చిన ఇలియా చవ్చవాద్జే, అకాకి త్సెరెతేలి ప్రభృతి జార్జియను యువకులు మాత్రము అచటి నూతనభావములను మూటగట్టుకొని స్వదేశమునకు మరలి, రష్యా పాలనకు లోబడియున్న తమ జాతిని మేలుకొలిపిరి.

స్టాలినును గూర్చి వేఱుగ చెప్పనేల? తెలుగునాట బిడ్డలకు ఆ పేరు పెట్టుకొన్నవారు నేటికిని కనబడుదురు. ఆయన గోరీ పట్టణమున చెప్పులు కుట్టువాని యింట పుట్టిన జార్జియను డనియు, రష్యను భాషను కడవఱకు స్వదేశపు యాసతోనే పలికె ననియు వారిలో నెంద ఱెఱుగుదురో! ఆయన వలన జార్జియనులు సుఖపడి రనుకొనుట పొరబాటు. 1937 లో తిబిలిసీ కవి తిత్సియాన్ తబీద్జేను తుపాకికి బలియిచ్చినది ఆ పాలనయే.

సామాన్య రష్యనుల మనస్సున జార్జియను చిత్రమును గీసినది రాజులును కారు, నియంతయు కాడు, కూరగాయల సంతలు. సోవియట్టు వ్యవస్థలో ప్రభుత్వపు దుకాణములలో ధరలు నిర్ణీతములు, సరకులు కఱవు. కాని రైతు తన పెరటిపంటను సామూహిక క్షేత్రముల సంతలో తనకు తోచిన ధరకు అమ్ముకొనుటకు చట్టము సమ్మతించెడిది. జార్జియాలోని నల్లసముద్ర తీరమున నారింజలును, వసంతమునకు ముందే పూచు పూవులును పుష్కలము. విమానపు టిక్కెట్టు చవుక. నూతన సంవత్సరమునకు కమలాపండ్లను, మార్చి ఎనిమిదవనాటి మహిళాదినమునకు పూలగుత్తులను పెట్టెల కెత్తుకొని, వెడల్పైన టోపీ ధరించి మాస్కో, లెనిన్‌గ్రాదు సంతలలో నిలిచిన జార్జియను, మంచు నడుమ మగ్గుచున్న పౌరునకు ఒక కంట వరప్రదాత, మఱియొక కంట దోపిడికాడు. ఉదారుడు, గాయకుడు, స్త్రీలోలుడు, ధనవంతుడు అని అతనిని గూర్చి పుట్టిన హాస్యకథలకు లెక్కలేదు. విందులో మధుపాత్ర నెత్తి ప్రసంగించు పెద్దగా అతనిని రష్యనులు ప్రేమించిన మాట నిజము. ఆ ప్రేమ మనిషిపై కంటె బొమ్మపై నెక్కువ యని నాకు తోచును.

ఆ బొమ్మకు ప్రాణము పోసి, దానిని సున్నితముగా పరిహసించినవాడు తిబిలిసీలో పుట్టి మాస్కోలో పెరిగిన దర్శకుడు గియోర్గి దనేలియా. 1977 నాటి ఆయన చిత్రము “మిమినో”లో కొండపల్లెల నడుమ హెలికాప్టరు నడపు జార్జియను, పెద్ద విమానములు నడపవలెనను కోరికతో మాస్కో చేరి, పరుషమగు నగరమున హోటలు గదిని ఒక ఆర్మేనియను లారీ డ్రైవరుతో పంచుకొనును. తుదకు విదేశయానముల విమానచోదకుడై, పరదేశమునుండి తన యూరి కడనున్న తెలావికి టెలిఫోను కోరగా, కేంద్రమువారు టెల్ అవీవుకు కలిపెదరు. అచట ఫోనెత్తిన అపరిచిత వృద్ధుడు జార్జియానుండి వలసపోయిన యూదుడు. మాతృభాష చెవిని బడగానే కంట నీరు పెట్టుకొని, ఇరువురును టెలిఫోనులోనే పాట పాడుకొందురు. రష్యాదేశ మంతయు ఆ దృశ్యమునకు నవ్వినది, ఏడ్చినది.

1991 లో సోవియట్టు రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట జార్జియాలో అంతర్యుద్ధము, అబ్‌ఖాజియా యుద్ధము, విద్యుత్తు లేని శీతకాలములు ప్రాప్తింపగా, పని వెదకుకొనుచు వేలాదిమంది రష్యా దారి పట్టిరి. 2000 డిసెంబరులో రష్యా వీసా నియమమును విధించుటతో వారిలో ననేకులు సరియైన పత్రములు లేనివారైరి. దాని పర్యవసానము 2006 లో కనబడెను. ఆ సెప్టెంబరున తిబిలిసీ ప్రభుత్వము నలుగురు రష్యను సైనికాధికారులను గూఢచారులని నిర్బంధింపగా, రష్యా జార్జియాకు విమానములను, రైళ్లను, టపాను నిలిపివేసి, తన గడ్డపైనున్న జార్జియనులపై విరుచుకుపడెను. వీథులలో పత్రములు తనిఖీచేసిరి; జార్జియనుల భోజనశాలలను సోదాచేసిరి; జార్జియను ఇంటిపేరున్న విద్యార్థుల జాబితాలిండని పోలీసులు మాస్కో పాఠశాలల నడిగిరి. పట్టుబడినవారిని సరకుల విమానములో గూడ ఎక్కించి పంపిరి. ఇరుదేశముల లిపులలోని అక్షరములను పెనవేసి, గియోర్గియెవ్స్కు సంధి ద్విశతవార్షికమునకు 1983 లో నిలిపిన మైత్రీస్తంభము ఆ పెద్ద జార్జియను వీథి ప్రక్కనే నిలిచియుండగా, విస్తరి ముందునుండి అతిథిని లేపుట యనగా నిదియే! కొందఱు రష్యనులు తామును జార్జియనులమే యను బిళ్లలను ధరించి నిరసన తెలిపిరి. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2014 లో ఆ బహిష్కరణలను చట్టవిరుద్ధములని తీర్మానించి, 2019 లో బాధితులకు కోటి యూరోల పరిహారము విధించెను.

2008 ఆగస్టు యుద్ధముతో రెండు దేశముల నడుమ దౌత్యసంబంధములే తెగిపోయెను. రష్యా జనాభా లెక్కలలో జార్జియనులు 2002 లో సుమారు 1,98,000 కాగా, 2010 లో 1,58,000, 2021 లో 1,13,000 గా తగ్గిరి. తిరిగిపోయినవారు కొందఱు, మిశ్రవివాహముల సంతానమై రష్యనులమని వ్రాయించుకొన్నవారు కొందఱు, జాతి పేరు చెప్పుటకే యిష్టపడనివారు మఱికొందఱు. సంఖ్య యెంత తగ్గినను రంగస్థలమున, వైద్యమున, నృత్యమున వారి పేర్లు వినబడుచునే యున్నవి: బల్షోయ్ నాట్యశాల పూర్వనర్తకుడు నికొలాయ్ త్సిస్కరీద్జే 2013 లో పీటర్స్‌బర్గులోని వగానొవా నృత్యవిద్యాలయమునకు పెద్దయయ్యెను. 2023 మే నెలలో రష్యా వీసాను తొలగించి, తిబిలిసీకి నేరు విమానములను పునరుద్ధరించినపుడు, తొలి విమానము దిగిననాడు తిబిలిసీ విమానాశ్రయముకడ నిరసనలు జరిగెను. జార్జియాలోని కుతైసీలో తల్లిదండ్రులను విడిచివచ్చిన మాస్కో కాపురస్థులకు మాత్రము, ఏండ్ల తరబడి మఱియొక దేశము మీదుగా చుట్టు తిరిగి వెళ్లవలసిన శ్రమ ఆనాటితో తీరినది.