కర్మాగారమునకు ఆర్డరు: వెబ్‌సైటు వెనుకనున్న లెక్క

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ తెలంగాణమునకు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దు చెంత నున్నది. తొలకరి పడిన పిమ్మట ఇక్కడి రైతు కంది, పత్తి, పెసర, మినుము విత్తుకొనుటకు గల వ్యవధి కొద్ది దినములే. ఆ సమయమున ట్రాక్టరు కల్టివేటరు కర్రులు అరిగిపోయినచో క్రొత్తవి వెంటనే అంగడిలో దొరకవలెను. అంగడికి అవి కర్మాగారమునుండి రావలెను.

ఇదే జిల్లాలో జహీరాబాదున ట్రాక్టరులు తయారగుచున్నవి. వాటికి తగిలించు పనిముట్లను చేయు చిన్న కర్మాగారములు పలుచోట్ల నున్నవి. అట్టి కర్మాగార మొకటి తెలంగాణములో నున్నదనియు, నారాయణఖేడ్ వర్తకుడు దానికి ఫోనులో “చిన్న కర్రులు నూరు” అని చెప్పెననియు అనుకొందము. కర్రులు వచ్చినవి, కాని బోల్టు రంధ్రముల మధ్య దూరము వేరు. వాటిని త్రిప్పిపంపి, సరియైనవి తెప్పించులోపల అదను దాటిపోవును. నష్టము చివరకు రైతుదే. ఇట్టి పొరపాట్లను తగ్గించుటయే ఆర్డరు వెబ్‌సైటు ముఖ్యోద్దేశము.

ఈ ఆలోచన ఇంగ్లండులో 1979లోనే రూపు దాల్చినది. మైకేల్ ఆల్డ్రిచ్ అను నతడు టెలివిజను పెట్టెను టెలిఫోను తీగద్వారా కంప్యూటరునకు కలిపి, దూరమునుండి ఆర్డరు చేయు పద్ధతిని చూపెను. మన దేశమున ప్రభుత్వ కార్యాలయముల కొనుగోళ్లకై 2016లో ‘జెమ్’ అను వెబ్‌సైటు ఏర్పడినది.

ఒక్క వస్తువునకు ఒక్క సంఖ్య

మొట్టమొదట ప్రతి వస్తువునకు ఒక సంఖ్య నీయవలెను. కాని సంఖ్యను వ్రాయుటలోను తప్పు దొరలవచ్చును గదా! దానిని పట్టుకొనుటకు చివర ఒక తనిఖీ అంకెను చేర్చుదురు.

కర్రు సంఖ్య 2741 అనుకొనుడు. దాని అంకెలను వరుసగా 5, 4, 3, 2 లచే గుణింపుడు. 10, 28, 12, 2 వచ్చును, మొత్తము 52. దీనికి 3 కలిపినచో 55 అగును. అది 11చే నిశ్శేషముగా భాగింపబడును. కావున 3 తనిఖీ అంకె. పూర్తి సంఖ్య 27413. వర్తకుడు తొందరలో 27143 అని వ్రాసినచో మొత్తము 49, దానికి 3 చేర్చగా 52. ఇది 11చే భాగింపబడదు. వెబ్‌సైటు తక్షణమే “సంఖ్య సరిచూడుడు” అనును. తనిఖీ అంకె 10 కావలసిన సంఖ్యలను వాడకుండిన చాలును. పుస్తకములపై వేయు పాత పదంకెల సంఖ్యయందును ఈ 11 సూత్రమే కలదు.

ఉన్న సరుకు ఒక్కసారియే అమ్మవలెను

గిడ్డంగిలో 40 జతల కర్రులు మిగిలినవి. నారాయణఖేడ్ వర్తకుడు 30, బీదరు వర్తకుడు 25 ఒకే క్షణమున కోరిరి. కంప్యూటరు ఇరువురి కొరకును “నిలువ 40” అని చదివి, ఇరువురికిని సరే యన్నచో 55 జతలు అమ్మినట్లగును. లేని 15 జతలకై ఒకరు ఎదురుచూచుచుండును!

కావున నిలువను చూచుట, తగ్గించుట, ఆర్డరును నమోదు చేయుట అను మూడింటిని విడదీయరాని ఒకే పనిగా చేయింతురు. అది ముగియువరకు రెండవవాడు ఆగవలెను. నారాయణఖేడ్ ఆర్డరు ముందు పూర్తియైనచో, బీదరు వర్తకునకు “నిలువ 10” అని కనబడును. నడుమ కరెంటు పోయినచో, ఆ పని అసలు జరుగనట్లే లెక్క. ఈ విషయమున చేసిన కృషికే జిమ్ గ్రే అను అమెరికను శాస్త్రజ్ఞునకు 1998లో ట్యూరింగు పురస్కారము లభించినది.

మరియొక చిక్కు కలదు. బొత్తాము నొక్కిన వెంటనే నెట్‌వర్కు తెగిపోయెను. ఆర్డరు చేరినదో లేదో తెలియక వర్తకుడు మరల నొక్కును. రెండు లారీల సరుకు రాకుండుటకు, ప్రతి ఆర్డరునకు పంపుటకు ముందే ఒక సంఖ్య నిత్తురు. అదే సంఖ్య రెండుమార్లు వచ్చినను, ఒక్క ఆర్డరుగానే గ్రహింతురు.

ధరయు, పన్నును

చిల్లర అమ్మకములో ధర సాధారణముగా అందరికి నొక్కటే. వర్తకునకు ధర, కొను పరిమాణమును ఒప్పందమును బట్టి మారును, అరువునకు హద్దుండును. పన్నుకూడ ఊరినిబట్టి మారును. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. ప్రకారము నారాయణఖేడ్ వర్తకుని బిల్లులో పన్ను కేంద్రమునకు సగము, రాష్ట్రమునకు సగముగా చూపబడును. సరిహద్దు దాటి బీదరుకు పోయినచో ఒకే సమీకృత పన్ను. వర్తకుని 15 స్థానముల జి.ఎస్.టి. సంఖ్యలో మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: తెలంగాణమునకు 36, కర్ణాటకమునకు 29. దాని చివరి గుర్తుకూడ తనిఖీ గుర్తే.

పన్ను రేట్లను ప్రోగ్రాములో స్థిరముగా వ్రాయరాదు. తేదీతో సహా పట్టికలో నుంచవలెను. నేల దున్ను యంత్రములపై 12 శాతముగా నున్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతమైనది. పట్టికయున్నవారు ఒక్క వరుసను చేర్చిన సరిపోయినది. పాత బిల్లులు పాత రేటుతోనే నిలిచినవి.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక నాలుగంకెల సంఖ్యకు తనిఖీ అంకెను కట్టి, రెండంకెలను తారుమారు చేసి ప్రక్కవాని కీయవలెను. భాగహారమొక్కటియే తెలిసిన బాలుడు ఆ తప్పును పట్టుకొనగలడు. కర్మాగారపు కంప్యూటరు చేయునదియు ఆ భాగహారమే.