షుగర్‌కు మానుపసుపు.. పేగుల్లో అది చేసే పనేంటి?

‘బెర్బరిన్’ మాత్రలు వేసుకుంటే షుగర్, బరువు రెండూ తగ్గుతాయంటూ సోషల్ మీడియాలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. కొందరైతే దీన్ని ‘ప్రకృతి ఇచ్చిన ఓజెంపిక్’ అంటున్నారు. ఇందులో నిజమెంత?

బెర్బరిన్ అంటే మానుపసుపు వేరులో, బెరడులో ఉండే పసుపు రంగు పదార్థం. సంస్కృతంలో దారుహరిద్ర, ఉర్దూలో దారుహల్దీ అంటారు. హిమాలయాల్లో పెరిగే ఈ ముళ్లపొద నుంచి తీసే ‘రసౌత్’ యునానీ వైద్యంలో పాత మందే. కూరల్లో వేసే పసుపు మాత్రం వేరు.

అసలు పని పేగుల్లోనే

మింగిన బెర్బరిన్‌లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఎక్కువ భాగం పేగుల్లోనే ఉండిపోతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని సులువుగా ఒంటబట్టే రూపంలోకి మారుస్తుంది. అదే సమయంలో బెర్బరిన్ కూడా కొన్ని రకాల బ్యాక్టీరియాను అదుపు చేస్తుంది.

చైనాలో కొత్తగా టైప్-2 షుగర్ బయటపడిన 409 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ‘రుమినోకాకస్ బ్రోమీ’ అనే బ్యాక్టీరియా పైత్యరసంలోని ఆమ్లాలను మార్చే పనికి బెర్బరిన్ అడ్డు పడుతోందని, షుగర్ తగ్గడానికి అదొక కారణమని పరిశోధకులు తేల్చారు.

ఎంత తగ్గింది?

మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ, బెర్బరిన్ వాడినవారిలో దాదాపు 1 పాయింట్ తగ్గింది. అయితే మందు లేని ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారిలోనూ 0.59 తగ్గింది. అంటే బెర్బరిన్ వల్ల అదనంగా తగ్గింది 0.4 పాయింట్లే. ప్రయోజనం ఉంది కానీ వీడియోల్లో చెప్పినంత కాదు.

వీళ్లు జాగ్రత్త

బెర్బరిన్‌తో విరేచనాలు, మలబద్ధకం, కడుపునొప్పి రావచ్చు. షుగర్ మందులు, ఇన్సులిన్‌తో కలిపి వాడితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోకూడదు. పసిపిల్లలకు అసలే పట్టకూడదు.

చెట్టు మందే కదా అని డాక్టర్ రాసిన మాత్రలు ఆపేయడం అన్నిటికన్నా ప్రమాదం. వాడాలనుకుంటే ఆ డబ్బాను ముందుగా డాక్టర్‌కు చూపించి అడగడమే మంచిది.