రాస్ (టాస్మానియా)

రాస్, ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్రములో మాక్వరీ నది ఒడ్డున ఉన్న చిన్న చారిత్రక గ్రామము. 1821లో గవర్నర్ లాక్లన్ మాక్వరీ దీనికి ఈ పేరు పెట్టాడు.

ఇక్కడ ముఖ్యముగా చూడవలసినది 1836లో పూర్తయిన మూడు కమానుల రాతి వంతెన. బ్రిటన్ నుండి ద్వీపాంతరవాస శిక్షపై వచ్చిన ఖైదీలు దీనిని కట్టారు. పనికి పెద్దలుగా ఉన్న డేనియల్ హెర్బర్ట్, జేమ్స్ కోల్‌బెక్ అనే ఖైదీలకు ప్రతిఫలముగా విముక్తి లభించినది. కమానుల రాళ్ళపై జంతువులు, ఆకులు, మానవ ముఖాలు మొదలైన 186 శిల్పాలున్నాయి. వంతెన దాటిపోయేవారికి ఇవి కనిపించవు. నది ఒడ్డుకు దిగి చూడవలసినదే. హెర్బర్ట్ సమాధి కూడా ఈ ఊరిలోనే ఉన్నది.

ఊరి అంచున మహిళా ఖైదీల నిర్బంధ కేంద్రము ఉండేది. అక్కడి పిల్లలను కొంత వయసు రాగానే తల్లుల నుండి వేరుచేసి హోబార్ట్‌లోని అనాథ పాఠశాలకు పంపేవారు. నేడు అక్కడ మిగిలినది ఒక కుటీరము, గడ్డి కింద పునాదులు.