సేద్యంలో పని భద్రతా నిబంధనలు: రైతు విసుగుకు కారణాలు, విస్తరణ విభాగం కర్తవ్యం

నేడు ఐటీ కార్యాలయాలకు నెలవైన హైదరాబాదులోని రాయదుర్గం ఒకప్పుడు శేరిలింగంపల్లి మండలంలోని గ్రామం. పన్మక్త, పైగా, నౌఖల్సా అనే పేర్లు నేటికీ అక్కడి భూమి పత్రాలలో కనిపిస్తాయి. 2019 నవంబరు 29 నుంచి మెట్రో రైలు కూడా రాయదుర్గం వరకు నడుస్తున్నది. ఈ ప్రాంతంలో బహుళ అంతస్తుల భవనం కట్టే కూలీ హెల్మెట్, భద్రతా బెల్టు లేకుండా పైకి ఎక్కరాదు. నగరంలోని కట్టడపు పనులకు పాలమూరు నుంచి కూలీలు వలస రావడం తరాలుగా ఉన్నదే. అయితే అదే కూలీ వానాకాలంలో సొంతూరికి వెళ్లి పత్తి చేనులో మందు కొట్టేటప్పుడు అతనికి రక్షణగా ఉండేది చాలాసార్లు ముఖానికి చుట్టుకున్న తువ్వాలు మాత్రమే. మనిషి ఒక్కడే అయినా, పని చోటు మారగానే భద్రత మారుతున్నది. ఈ తేడాకు మూలం ఎక్కడ ఉన్నదో గ్రహిస్తేనే భద్రతా నిబంధనల పట్ల రైతుకు గల విసుగు అర్థమవుతుంది.

చట్టం ఊహించిన యజమాని

కట్టడపు కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. దానితో సహా 13 కార్మిక చట్టాలను కలిపి రూపొందించిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇది సాధారణంగా పది మంది లేదా అంతకు మించి పనివారు గల సంస్థలకు వర్తిస్తుంది. చట్టం దృష్టిలోని యజమానికి కార్యాలయం, హాజరు పట్టిక, భద్రత చూసే సిబ్బంది ఉంటారు. రెండు మూడు ఎకరాల రైతుకు ఇవేవీ లేవు. ఉదయం అతడే యజమాని, మధ్యాహ్నం అతడే కూలీ, మరునాడు పొరుగు చేనులో బదులు కూలీ. వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యాలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లో 184వ ఒడంబడికను ఆమోదించినా, భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. అందువల్ల రైతుకు భద్రతా నియమాలు ఒకచోట సమగ్రంగా కాక, యంత్రానికి ఒకటి, మందుకు ఒకటి, డ్రోనుకు ఒకటిగా వేర్వేరు శాఖల నుంచి చేరుతున్నవి.

విసుగు పుట్టే మూడు చోట్లు

మొదటిది నూర్పిడి యంత్రం. నూర్పిళ్లలో చేతులు తెగిన ఘటనల నేపథ్యంలో 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు. యంత్రం ప్రమాణాలకు లోబడి ఉండేటట్లు చూడడం తయారీదారు పని. కూలీకి ప్రమాదం జరిగితే పరిహారపు భారం యంత్రాన్ని వాడే యజమానిపై పడుతుంది. పాత యంత్రాన్ని చేతులు మారిన తరువాత కొన్న రైతుకు మొదటి అంశం తెలియదు, రెండవది భయపెడుతుంది.

రెండవది పురుగుమందు. 1971 నాటి క్రిమిసంహారక నియమావళి రక్షణ దుస్తులు, శ్వాస రక్షణ పరికరాల గురించి వివరంగా చెబుతుంది. డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విష తీవ్రతను సూచిస్తాయి. కానీ ఉక్కపోతలో గాలి చొరని దుస్తులు వేసుకొని గంటల తరబడి పిచికారీ చేయడం దుస్సాధ్యం. ఆచరించలేని సలహాను పదేపదే వినవలసి వచ్చినప్పుడు ఆచరించదగిన సలహా పట్ల కూడా రైతుకు నమ్మకం సడలుతుంది.

మూడవది డ్రోను. మందుకు మనిషి దూరంగా ఉండగలగడం దీని గొప్ప మేలు. అయితే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వ్యవసాయ డ్రోనుకు నమోదు సంఖ్య, నడిపే వ్యక్తికి ధ్రువపత్రం అవసరం. ధ్రువపత్రానికి పదవ తరగతి ఉత్తీర్ణత కావాలి. ముప్పై ఏళ్లుగా మందు కొడుతున్న అనుభవజ్ఞుడైనా చదువు లేకపోతే దీనికి అనర్హుడే.

విసుగు న్యాయమే, ప్రమాదమూ నిజమే

రైతు విసుగును నిర్లక్ష్యంగా భావించడం పొరపాటు. అలాగని నిబంధనలు వద్దనడమూ సరికాదు. ఆదిలాబాదును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తిపై పిచికారీ చేసినవారిలో వందల మంది విషప్రభావానికి గురయ్యారు, 20 మందికి పైగా మరణించారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా పథకం 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందజేస్తున్నది. కౌలు రైతు, కూలీ దాని పరిధిలో లేరు. పిచికారీ పనిలో ఎక్కువగా ఉండేది వీరే.

విస్తరణలో పాటించవలసిన క్రమం

పని భద్రతా శాస్త్రం ఒక వరుసను సూచిస్తుంది. మొదట ప్రమాదాన్ని తొలగించడం, తరువాత తక్కువ ప్రమాదం గలదానిని వాడడం, ఆపైన యంత్ర నిర్మాణంలోనే రక్షణ కల్పించడం, ఆ తరువాతే సూచనలు, శిక్షణ, చిట్టచివర రక్షణ దుస్తులు. గ్రామంలో చాలాసార్లు ఈ వరుస తలకిందులుగా సాగుతున్నది. దీనిని సరిచేయడానికి విస్తరణ శాస్త్రవేత్తలు ఈ కింది అంశాలపై దృష్టి పెట్టాలి.

1. పురుగు ఆర్థిక నష్ట పరిమితిని దాటిందో లేదో చూపి, అనవసరమైన పిచికారీని తప్పించాలి. మానుకున్న పిచికారీకి ఏ రక్షణ దుస్తులూ అక్కరలేదు.

2. మందు సిఫారసులో పురుగుపై ప్రభావంతో పాటు త్రికోణపు రంగును కూడా చెప్పాలి. ఒకే ఫలితమిచ్చే రెండు మందులలో తక్కువ విషం గలదానిని ముందు పేర్కొనాలి.

3. భారతీయ ప్రమాణం ప్రకారం నూర్పిడి యంత్రపు పంట వేసే తొట్టి కనీసం 900 మి.మీ. పొడవు ఉండాలి, అందులో 450 మి.మీ. మేర పైకప్పు ఉండాలి. చేయి డ్రమ్ము వరకు పోకుండా ఇదే ఆపుతుంది. పాత యంత్రాలను కొలిచి, స్థానిక వెల్డింగు పనివారితో ఇటువంటి తొట్టిని అమర్చే ప్రదర్శనలు చేపట్టాలి.

4. డ్రోను ధ్రువపత్రం పొందిన గ్రామ యువకులను అద్దె యంత్ర కేంద్రాలతో జోడించాలి. అప్పుడు ప్రతి రైతూ కాగితాల వెంట తిరగవలసిన అవసరం ఉండదు.

5. శిక్షణకు పట్టాదారుతో పాటు మందు కొట్టే కూలీని కూడా పిలవాలి. ఆ రోజు కూలి నష్టపోకుండా తీరిక వేళను ఎంచుకోవాలి.

రాయదుర్గంలోని భవనంపై కూలీకి రక్షణ కల్పించే బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉన్నది. చేనులో ఆ బాధ్యత రైతు ఒక్కడిపైనే పడుతున్నది. దానిని తయారీదారు, విక్రేత, విస్తరణ సిబ్బంది కూడా పంచుకున్నప్పుడే నిబంధన రైతుకు భారంగా తోచదు, చేనులో దిగిన కూలీకి ఉపయోగపడుతుంది.