హెడ్‌ పగిలితే... అతుకా? కొత్తదా?

విజయవాడ ఆటోనగర్‌: బియ్యం లోడుతో లారీ నల్లమల ఘాట్‌ ఎక్కుతోంది. వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటింది. డ్రైవరు బండిని పక్కకు తీశాడు. కాసేపాగి, రేడియేటర్‌ మూత తెరిచి చన్నీళ్లు పోశాడు. ఎలాగో ఆత్మకూరు చేరాడు. మర్నాటికి ఇంజన్‌ ఆయిల్‌ మజ్జిగలా తెల్లబడింది. లారీ యజమానులకు ఈ కథ కొత్తది కాదు. బండి షెడ్డుకు చేరాక ఎదురయ్యే ప్రశ్న కూడా పాతదే. సిలిండర్‌ హెడ్‌ను బాగు చేయించాలా, కొత్తది వేయించాలా? ఫైనాన్స్‌ కిస్తీ తేదీ దగ్గరపడుతుంటే, ఈ నిర్ణయాన్ని చాలామంది మెకానిక్‌ నోటిమాట మీదే తీసుకుంటున్నారు. హెడ్‌ను పరీక్షించకుండా చెప్పే సమాధానం ఏదైనా అది ఊహే.

విప్పక ముందే...

రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్‌ పోయినట్లేనని తీర్మానించడం తొందరపాటు. భారీ లారీల్లో బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసర్‌ను కూడా ఇంజన్‌ నీరే చల్లబరుస్తుంది. ఆ కంప్రెసర్‌ ప్యాకింగ్‌ కొట్టేసినా రేడియేటర్‌లో ఇవే బుడగలు కనిపిస్తాయి. నీటిలో ఆయిల్‌ తేలుతుంటే ఆయిల్‌ కూలర్‌ను ముందుగా అనుమానించాలి. బీఎస్‌-4, బీఎస్‌-6 బండ్లలో ఈజీఆర్‌ కూలర్‌ ఉన్నవాటిలో అది కారినా కూలెంట్‌ తగ్గిపోతుంది, తెల్లపొగ వస్తుంది. ఈ మూడూ చూడకుండా హెడ్‌ లేపితే, కొత్త హెడ్‌ వేశాక కూడా రోగం అలాగే ఉండే ప్రమాదం ఉంది.

చూపు చాలదు

హెడ్‌ దించిన తర్వాత మసి, తుప్పు, పాత ప్యాకింగ్‌ పూర్తిగా తొలగించాలి. ఆపై స్ట్రెయిట్‌ ఎడ్జ్‌ పట్టీని పొడవునా, అడ్డంగా, ఐమూలగా ఆనించి, దాని కింద ఫీలర్‌ గేజ్‌ దూరుతుందేమో చూడాలి. పొడవాటి ఆరు సిలిండర్ల హెడ్‌కు సైతం అనుమతించే వంపు మిల్లీమీటరులో చిన్న భాగమే. కచ్చితమైన అంకె ఆ ఇంజన్‌ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. బ్లాకు పైభాగాన్ని, లైనర్లు ఎంత పైకి నిలిచాయో కూడా కొలవాలి. బ్లాకు వంగి ఉంటే దానిమీద ఎంత మంచి హెడ్‌ పెట్టినా ప్యాకింగ్‌ నిలవదు.

వెంట్రుకంత పగుళ్లను కన్ను పట్టలేదు. ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్లపొడి చల్లితే పగులున్న చోట ఎర్రని గీత తేలుతుంది. పోత ఇనుము హెడ్‌ అయితే అయస్కాంత పరీక్ష కూడా పనికొస్తుంది. అన్నిటికంటే నమ్మదగినది ప్రెషర్‌ పరీక్ష. నీటి రంధ్రాలన్నీ మూసి, లోపలికి గాలి ఎక్కించి, హెడ్‌ను వేడినీటి తొట్టిలో ముంచుతారు. బుడగ వచ్చిన చోటే పగులు. నీరు వేడిగా ఉండాలని యజమాని పట్టుబట్టాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగులు వేడికి నోరు తెరుస్తుంది.

పగులు ఎక్కడ?

నిర్ణయమంతా దాదాపుగా ఇక్కడే ఉంది. రెండు వాల్వుల మధ్య ఉండే సన్నని గోడ హెడ్‌లో అన్నిటికంటే ఎక్కువ వేడికి గురవుతుంది. అక్కడి నుంచి నాజిల్‌ రంధ్రం వైపు సాగే సన్నగీతలు నీటి దారిని చేరకపోతే, నిర్ణీత హద్దుల్లో వాటిని అలాగే వాడుకోవచ్చని కొన్ని కంపెనీల పుస్తకాలే చెబుతున్నాయి. అదే పగులు వాల్వు సీటు దాటి నీటి గదిలోకి చేరితే, ఆ చోట అతుకును నమ్మడం కష్టం. రోజూ కాలుతూ చల్లారుతూ ఉండే చోటు అది. పగుళ్లు రెండు మూడు సిలిండర్ల దగ్గర కనిపిస్తే ఆ హెడ్‌ను తుక్కుకు వేయడమే మేలు. బయటి గోడ మీదో, నీటి గది పక్కనో ఉన్న పగులు సంగతి వేరు. రంధ్రాలు వేసి మరలు బిగిస్తూ పోయే స్టిచ్చింగ్‌ పనితో అది చాలాకాలం నిలుస్తుంది.

వెల్డింగ్‌ విషయంలో మోసపోయేవారే ఎక్కువ. పోత ఇనుమును చల్లగా ఉండగా మామూలు ఆర్క్‌ వెల్డింగ్‌తో అతికితే, అతుకు పక్కనున్న లోహం గాజులా పెళుసుబారుతుంది. తర్వాతి పగులు అక్కడే పుడుతుంది. హెడ్‌ మొత్తాన్ని కొలిమిలో సుమారు 600 డిగ్రీలకు వేడిచేసి, అతికి, గంటల తరబడి నెమ్మదిగా చల్లారనివ్వాలి. కొలిమి లేని షాపులో ‘గ్యారంటీ’ మాటకు విలువ లేదు.

పగులు లేకుండా వంపు మాత్రమే ఉంటే లేత్‌ షాపులో ఫేసింగ్‌ చేయిస్తారు. దానికీ హద్దుంది. లారీ డీజిల్‌ ఇంజన్లలో హెడ్‌ అడుగు సాధారణంగా చదునుగా ఉంటుంది, మంట మండే గుంట పిస్టన్‌ తలలో ఉంటుంది. హెడ్‌ను గీకినకొద్దీ వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, నాజిల్‌ మొన కిందికి పొడుచుకొస్తుంది. వాల్వు సీట్లు లోతు చేసి, నాజిల్‌ కింద తగిన వాషర్‌ వేయకపోతే దెబ్బ పిస్టన్‌కు తగులుతుంది. క్యామ్‌షాఫ్ట్‌ హెడ్‌లోనే ఉన్న ఇంజన్లలో అడుగు గీకినంత మాత్రాన పైనున్న క్యామ్‌ వరుస వంపు పోదు.

లెక్క ఇలా...

మాటవరసకు కొత్త హెడ్‌ రూ.60 వేలు, మరమ్మతు రూ.18 వేలు అనుకుందాం. ప్యాకింగ్‌ సెట్టు, ఆయిల్‌, కూలెంట్‌, కూలి కలిపి మరో రూ.20 వేలు. ఏది చేసినా ఈ ఖర్చు తప్పదు. అతుకు నిలిస్తే రూ.42 వేలు మిగులు. ఆరు నెలలకు వదిలితే అప్పటికి పెట్టిన రూ.38 వేలు పోతాయి. దానికితోడు బండి ఆగిన రోజుల కిరాయి, దారిలో ఆగితే లాక్కొచ్చే ఖర్చు. కిస్తీలు ఇంకా మిగిలి, దూరప్రాంతాలకు తిరిగే బండికి ఈ జూదం మంచిది కాదు. ఏడాదిలో అమ్మేయబోయే, ఊళ్లో ఇసుకో ఇటుకలో తోలే పాత బండికి మంచి మరమ్మతు చాలు. విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి తగ్గడంతో కొత్త హెడ్‌ వైపు మొగ్గు కొంత పెరిగింది. వాల్వులతో సహా ఇస్తున్నారా, ఉత్త హెడ్డా అన్నది ధర అడిగేటప్పుడే తేల్చుకోవాలి. పాత సామాన్ల దుకాణంలో హెడ్‌ కొంటే ప్రెషర్‌ పరీక్ష అయ్యాకే డబ్బు చెల్లించాలి.

ఏ హెడ్‌ వేసినా, పాతది ఎందుకు పోయిందో తెలియకుండా బండి కదపరాదు. బోరు నీటి ఉప్పుతో పూడిన రేడియేటర్‌, అరిగిన వాటర్‌ పంపు, వదులైన ఫ్యాన్‌ బెల్టు, ‘వేసవికి అక్కర్లేదు’ అంటూ తీసి పారేసిన థర్మోస్టాట్‌... వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. కూలెంట్‌ కలిపిన శుద్ధమైన నీరే పోయాలి. హెడ్‌ బోల్టులను పుస్తకంలో చెప్పిన వరుసలో, టార్క్‌ రెంచితోనే బిగించాలి. ఫేసింగ్‌ చేయించినవారు ఎంత గీకారో బిల్లు మీద రాయించుకుని, అదే అంకెను హెడ్‌ పక్కన పంచ్‌తో కొట్టించుకుంటే, రేపు దాన్ని విప్పే మెకానిక్‌కు ఇంకెంత మిగిలి ఉందో తెలుస్తుంది.